ఏడో గాటు

“నేను కొట్టలే.”

ఆ మాట దూలయ్య దాగలి మీద అరచెయ్యి ఆనించి అన్నాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. బయట ఆషాఢపు ముసురు కొలిమి పాక తాటాకుల మీద నిమ్మళంగా పడుతూనే ఉంది.

సంగీత చేతిలో సమ్మెట ఉంది. దాన్ని ఎక్కడ దించాలో ఆమెకు తోచలేదు.

“ఇంకోసారి చెప్పు నాయినా,” అన్నాడు రామకృష్ణ. “రేపు నేనే చెప్పిచ్చిన అంటరు. ఆ ఏడో గాటు నువ్వు పెట్టలే. తమ్మునికి, ఈమెకు లగ్గం నువ్వు చెయ్యలే. అంతేనా?”

“ఎన్నిసార్లు చెప్పాల్రా? కొట్టలే అన్న కదా.”

“ఇన్నవా అమ్మా? శ్యామలా, నువ్వు గూడ ఇన్నవు కదా?”

ఎర్రమ్మ కొలిమి పక్కన కూర్చుని బొగ్గుల్లో రాళ్లు ఏరుతోంది. తనకేమీ పట్టనట్టు ఏరుతూనే ఉంది. రామకృష్ణ భార్య శ్యామల గడప దగ్గర కాగితాల కవరు గుండెకు అదుముకుని నిలబడి, తలైనా ఊపలేదు.

సంగీత మామ ముఖంలోకి చూసింది. దూలయ్య దాగలి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడే మనిషి కాడు. వేరేచోట ఆడడా అంటే, అందరిలాగే ఆడతాడు. ఇప్పసారా తాగి తాగలేదంటాడు, కొడవలికి రేపు పదును పెడతానని వారం రోజులు తిప్పుతాడు. దాగలి మీద మాత్రం ఆడడు. ఆ సంగతి తెలిసే రామకృష్ణ బొగ్గుగనిలో సెలవు పెట్టి మరీ సత్తుపల్లి నుంచి వచ్చి, తండ్రి చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టి అడిగాడు.

దాగలి అంటే కాలిన ఇనుమును పెట్టి సాగగొట్టే ఇనప దిమ్మ. ప్రతి కమ్మరి ఇంట్లోనూ ఉండేదే. ఈ ఇంట్లో మాత్రం పెళ్లి కూడా దాని మీదే జరుగుతుంది. పిల్లా పిల్లడూ దానికి చెరోవైపు నిలబడి, దాని మీదుగా రెండు చేతులూ కలుపుకుని, కళ్లు మూసుకోవాలి. ‘ఈమె నాది’ అని అతను, ‘ఇతను నా వాడు’ అని ఆమె, పైకి వినపడేలా అనాలి. అప్పుడు ఇంటి కమ్మరి ఖాళీ దాగలి కొస మీద సుత్తెతో ఒక్క దెబ్బ కొడతాడు. ఆ మోత పూర్తిగా ఆగేదాకా కళ్లు తెరవకూడదు. తరువాత పుస్తె ఎప్పుడు కడతారో, పప్పన్నం ఎప్పుడు పెడతారో వాళ్ల ఇష్టం. దాగలి పక్కన ఉలితో గాటు పడిందంటే పెళ్లి అయినట్టే.

నూటయాభై ఏళ్లకు పైగా ఆ ఇంటి చరిత్ర ఆ గాట్లలోనే ఉంది. ఆరు గాట్లు వరసగా, నిటారుగా ఉంటాయి. ఏడోది కొంచెం వంకర. రామకృష్ణకు అనుమానం మొదలైంది ఆ వంకర దగ్గరే.

మొదటి గాటు దొర కమ్మరిది. గోదావరి మీద తెల్లవాళ్లు ఆనకట్ట కట్టే రోజుల్లో ఇనప పనికి దూరదేశాల నుంచి మనుషులను తెచ్చారు. వాళ్లలో ఆడం అనే ఒకతను స్కాట్లండ్‌లో ఏదో గొర్రెల ఊరి కమ్మరి కొడుకు. పని మధ్యలో ఆగిపోయి మిగతావాళ్లంతా ఓడెక్కినా అతను ఎక్కలేదు. ఒక కోయపిల్ల చెయ్యి పట్టుకుని, తన దేశం నుంచి తెచ్చుకున్న ఈ దాగలితో, చర్ల దారిలో ఈ వాగు పక్కన కొలిమి పెట్టుకుని ఉండిపోయాడు. అతని సంతతే ఈ కమ్మరులు. పేరు చివర చారి అని పెట్టుకోరు. పెట్టుకుంటే ఎవరూ కాదనరేమో గానీ, ఏ తరంలోనూ ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఇందులో తెల్లదొర సంగతి రామకృష్ణకు మహా ఇష్టం. గనిలో తోటివాళ్లకు తరచు చెబుతాడు. కోయపిల్ల సంగతి వచ్చేసరికి మాత్రం టీకి లేస్తాడు.

“పది రోజుల్ల తమ్ముని సంవత్సరీకం,” అన్నాడతను ఇప్పుడు, పాకలో అటూ ఇటూ తిరుగుతూ. “ఖమ్మం నుంచి కులసంఘం పెద్దలు వస్తున్నరు. మన గడప తొక్కుడు గిదే మొదలు. పంతులు తమ్ముని భార్య పేరు అడుగుతడు. ఏం చెప్పాలె? తండా పిల్ల, గాటు ఎవరు పెట్టిన్రో తెల్వదు అని చెప్పాల్నా?”

“నేను ఈడనే ఉన్న బావా,” అంది సంగీత. “నాతోని చెప్పు.”

“నీతోనే చెప్తున్నమ్మా.” రామకృష్ణ ఆగాడు. అతని గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. “నీ మీద నాకు పగ లేదు. తమ్ముడు దవాఖానాల ఉన్నన్ని దినాలు నువ్వు చేసిన సాకిరి నాకు యాదుంది. కన్నతల్లి గూడ గంత చెయ్యదు. నెలనెలా నీకు కావాల్సింది తండాకే పంపిస్త. మీ నాయిన రూప్‌సింగ్‌కు ఫోన్ చేసిన. ఆటో మాట్లాడుకొని వస్తున్నడు.”

“ఇప్పుడేనా?”

“అవ్. గిది కమ్మరోళ్ల కొలిమి. కమ్మరి కోడలు కానోళ్లు ఈడ ఎట్లుంటరు, నువ్వే చెప్పు.”

సంగీత మూలన వరసగా ఆనించి ఉన్న నాగటి కర్రుల వైపు చూసింది. నలభై దాకా ఉంటాయి. అన్నీ పోడు రైతులవి, వాన పడగానే కావలసినవి.

సంగీత మొగుడు బాలకృష్ణ కామెర్లతో పోయింది కిందటి ఆషాఢంలో. అతను పోయి నెల తిరగకుండానే రైతులు కర్రులూ గొడ్డళ్లూ పట్టుకుని వచ్చి చూరు కింద కూర్చున్నారు. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు, వాన ఆగుతుందా? దూలయ్య పట్టుకారు పట్టుకున్నాడు, సమ్మెట వేసే మనిషి లేడు. ఎర్రగా కాలిన ఇనుము దాగలి మీద మెల్లగా నల్లబడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. సంగీత లేచి వెళ్లి మొగుడి సమ్మెట అందుకుంది. రమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు.

ఆ రోజు నుంచి మామా కోడళ్ల మధ్య మాటలన్నీ ఇనుముతోనే. ఆయన చిన్న సుత్తెతో ఎక్కడ తట్టితే ఆమె అక్కడ సమ్మెట వేస్తుంది. మెల్లగా తట్టితే మెల్లగా, గట్టిగా తట్టితే గట్టిగా. సుత్తెను పక్కకు వాల్చి రెండుసార్లు చప్పుడు చేస్తే ఇక చాలని. ఆయన నోటితో ఆమెను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. అయినా పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా ఇద్దరూ అలా మాట్లాడుకుంటూనే ఉంటారు.

పనిలో మునిగిపోయినప్పుడు ఆమెకు ఒక్కోసారి ఎదురుగా ఉన్నది మామో మొగుడో తెలిసేది కాదు. పొగా వానా మంటా ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఊరూ వాగూ ఎటో జారిపోయి, పోయిన మనిషి ఈ పాకలోనే ఓ మూల కూర్చుని తిత్తి ఊదుతున్నట్టు ఉండేది. తిరిగి చూస్తే ఉండడు. అందుకని తిరిగి చూసేది కాదు. ఆ కాసేపటి కోసమే ఆమె రోజూ పొద్దున్నే లేచేది. తండాకు వెళితే తిండికి లోటుండదు, తండ్రి మంచివాడే. కానీ బాలకృష్ణ తండాకు రాడు. ఎన్ని రాత్రులు కలలో వెతికినా అక్కడ దొరకడు.

అదంతా ఒక ఎత్తు. మామ ఇప్పుడు అన్న మాట ఒక ఎత్తు.

పన్నెండేళ్ల కిందట కూడా ఇలాంటి ముసురే. దాగలికి అటువైపు బాలకృష్ణ, ఇటువైపు తను. అతని వేళ్లు చల్లగా ఉన్నాయి. కళ్లు మూసుకోగానే లోకమంతా చెవుల్లోకి వచ్చింది. చూరు నీళ్లు, ఎక్కడో కోడి, కొలిమిలో బొగ్గు చిటపట. అతను అనవలసింది అన్నాడు. తనూ అంది. తరువాత దెబ్బ పడింది.

ఆ మోత ఆమెకు ఇప్పటికీ వినపడుతుంది. చేతుల్లోంచి భుజాల్లోకి, అరికాళ్లలోంచి నేలలోకి పోయింది. పాక దాటి వాగు దాటి, తడిసిన అడవిలోకి సాగిపోతున్నట్టే ఉంది గానీ ఆగినట్టు లేదు. అది ఆగకపోతే బాగుండుననుకుంది. కళ్లు తెరిచేసరికి దాగలి మీద సుత్తె ఉంది, మామ లేడు. గడపలో నిలబడ్డ ఎర్రమ్మ, “మీ నాయిన కొట్టి, వానల్నే చర్ల పోయిండు,” అంది. బాలకృష్ణ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాయిన ఒప్పుకున్నడే, నాయిన ఒప్పుకున్నడే అని ఆ రోజంతా అంటూనే ఉన్నాడు.

ఆ తరువాత పన్నెండేళ్లూ మామ తల ఎత్తకుండా తను పెట్టిన అన్నం తిని లేచి వెళ్లిన ప్రతిసారీ సంగీత ఒకటే అనుకునేది. ఈయనకు నోరు లేదు, చెయ్యి ఉంది, ఆ చేత్తోనే నన్ను ఈ ఇంట్లోకి పిలిచాడు. ఆ మాటను పట్టుకునే ఆమె అన్నీ ఓర్చుకుంది. ఆ మాటే ఇప్పుడు లేదంటున్నారు.

“మామా,” అంది. “నువ్వు కొట్టకుంటే మరి ఎవరు కొట్టిన్రు? దెబ్బ పడ్డది. నా చెవులతోని ఇన్న.”



“వాళ్లకు వాళ్లే కొట్టుకొని ఉంటరు,” అన్నాడు రామకృష్ణ. “బాలకిష్ణనే ఒక చేత్తోని...”

“రెండు చేతులూ నా చేతులల్ల ఉన్నయి బావా.”

అప్పటిదాకా బొగ్గులు ఏరుతున్న ఎర్రమ్మ గంప పక్కకు నెట్టి, నల్లబడ్డ చేతులు కొంగుకు తుడుచుకుంది.

“నేనే కొట్టిన,” అంది.

“నువ్వా? నువ్వెట్ల కొడ్తవే అమ్మా?”

“చేత్తోని కొట్టిన. ఇంకెట్ల కొడ్తరు?”

“అమ్మా!”

“అరవకు. ఆ పొద్దు మీ నాయిన నేను కొట్టనని ముఖం మాడ్చుకొని బయటికి పోయిండు. ఈ పిల్ల గా చూరు కింద తడుసుకుంట నిలబడ్డది. చిన్నోడు నాయిన వస్తడా అమ్మా, వస్తడా అమ్మా అని నా పానం తీస్తున్నడు. వస్తున్నడు, కండ్లు మూసుకోండ్రి అన్న. మూసుకున్నరు. సుత్తె నేనే ఎత్తిన. ఉలి నాకు అలవాటు లేదు, రాత్రి అందరు పండుకున్నంక పెట్టిన గాటు వంకర పోయింది. అబద్ధం గూడ నేనే చెప్పిన.”

ఆమె మొగుడి వైపు తిరిగింది.

“నువ్వు తెల్లారి చర్ల నుంచి వచ్చి గాటు చూసినవ్. వేలు పెట్టి తడిమినవ్. ఏమంటవో అని నేను దినమంత బువ్వ ముట్టలే. నువ్వు అడగలే. చిన్నోడు పోయే ముంగట నీ చెయ్యి పట్టుకొని, నువ్వు నాకు లగ్గం చేసినవ్ నాయినా, నాకు గంతే చాలు అన్నడు. అప్పుడు గూడ నేను చెప్పలే, నువ్వు చెప్పలే.”

“ఎట్ల చెప్పాలెనే?” అన్నాడు దూలయ్య. “పోయేటోనికి ఎట్ల చెప్పాలె?”

రామకృష్ణ మొహం అటు తిప్పుకుని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. తమ్ముడంటే అతనికి ప్రాణం. ఆ ప్రాణానికీ సంఘం పెద్దలకూ మధ్య పడి నలుగుతున్నాడని తెలిసినా, సంగీతకు ఆ క్షణంలో అతని మీద జాలి కలగలేదు. తన చేతుల్లో చెయ్యి ఉంచి పోయిన మనిషి, నిజంకాని సంతోషాన్ని కట్టుకుపోయాడు.

రామకృష్ణ కండువా భుజాన వేసుకున్నాడు.

“సరే. తేలింది కదా,” అన్నాడు. “కమ్మరి కొట్టలే. ఆడామె కొడితే లగ్గం కాదు. మన వంశంల ఎన్నడన్న ఉన్నదా గిట్ల?”

“ఉంది,” అంది శ్యామల.

అందరూ గడప వైపు చూశారు. శ్యామల సత్తుపల్లి బడిలో ఇంగ్లీషు టీచరు. పోయినవారం వచ్చిన ఆ కవరులోని కాగితాలు ఆ ఇంట్లో చదవగలిగింది ఆమె ఒక్కతే. కిందటి చలికాలం ఆనకట్ట చూడటానికి వచ్చినవాళ్లెవరో ఈ దాగలి ఫోటో తీసుకెళ్లారు. దాని కింది అంచున పోతపోసి ఉన్న గుర్తును స్కాట్లండ్‌లో ఒక ముసలావిడ గుర్తుపట్టింది. ఆవిడ ఆడం చెల్లెలి సంతతి. వాళ్ల కమ్మరి ఇంటి చరిత్ర ఓపికగా రాసుకుని, ఒక ప్రతి వీళ్లకూ పంపింది.

“నువ్వు లోపలికి పో శ్యామలా.”

“చదవమన్నది మీరే కదండీ. నాలుగో పేజీలో ఏముందో నేను చెప్పగానే, ఫోటో ఉన్న పేజీ చదివి దాన్ని వదిలెయ్యమన్నారు. ఎందుకు వదలాలి?” శ్యామల కాగితం తీసింది. గొంతు తరగతి గదిలో లాగా నిలబడింది. “ఆడం పసివాడుగా ఉన్నప్పుడు వాళ్ల నాన్నకు గుర్రం తన్ని కుడిచెయ్యి పోయిందట. తల్లి మార్గరెట్ కొలిమి మూసెయ్యలేదు. తొమ్మిదేళ్లు ఆవిడే నడిపింది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోని జంటలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాళ్ల దాగలి మీద పెళ్లి చేసుకునేవాళ్లట. ఆ తొమ్మిదేళ్లూ సుత్తె కొట్టింది ఆవిడే.”

“గా దేశం సంగతి మనకెందుకు?”

“మా తాతల తాత తెల్లదొర అని ఊరంతా చెప్పుకునేటప్పుడు ఆ దేశం కావాలా? వినండి. ఆడదాని చేతి మీద జరిగిన పెళ్లి చెల్లదని చర్చి పెద్ద ఒకాయన కొలిమికొచ్చి గొడవ చేశాడట. ఆవిడ చెప్పిన జవాబు ఇక్కడ రాశారు. ‘పెళ్లి చేసేది సుత్తె కాదయ్యా. వాళ్లిద్దరూ అనుకున్న మాట. ఆ మాటను మరో ఇద్దరు మనుషులు వినాలి. విన్నవాళ్లు మర్చిపోకుండా నేను సుత్తె కొడతాను.’”

సంగీత ఆ ఆడమనిషిని ఎప్పుడూ చూడలేదు, ఆ ఊరి పేరుకు నోరు తిరగదు. అయినా తడిసిన కొండల మధ్య చిన్న పాకా, మసి చేతులతో గుమ్మంలో నిలబడి ఒక పెద్దమనిషికి సమాధానం చెబుతున్న ఆడదీ ఆమెకు స్పష్టంగా కనిపించారు. అక్కడా ముసురే పడుతోంది. ఆ మనిషికి ఎర్రమ్మ ముఖమే ఉంది.

“అమ్మ కొట్టింది. అమ్మ విన్నది,” అంది శ్యామల. “ఇంకేం కావాలి?”

రామకృష్ణ కాగితం వైపు వేలు చూపించాడు. అతను మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు.

“ఇద్దరు ఇనాలె అని నువ్వే చదివినవ్,” అన్నాడు. “అమ్మ ఒక్కతే అయింది. రెండో మనిషి ఏడి?”

శ్యామల కాగితంలోకి చూసింది. వాగు అవతల ఆటో హారన్ మోగింది. నీళ్లలోంచి బండి తేవాలా వద్దా అని డ్రైవరు అడుగుతున్నట్టుంది.

“ఉన్నడు,” అన్నాడు దూలయ్య.

“ఎవరు నాయినా?”

“నేను చర్ల పోలే. అంటే, అప్పుడే పోలే.” ముసలాయన ఎవరి వైపూ చూడకుండా, వానతో చెబుతున్నట్టు చెప్పాడు. “గీ గోడ ఎనకనే నిలబడ్డ. కొట్టనని వచ్చినోనికి కాళ్లు ముంగటికి పడలే, ఎనకకు పడలే. చిన్నోని మాట ఇన్న. ఈ పిల్ల మాట ఇన్న. దెబ్బ పడ్డది. లోపటికి వచ్చి కాదు అంటే ఆడికే ఆగిపోతుండె. అనలే. మోత ఆగేదాంక ఉండి, అప్పుడు పోయిన.”

ఎర్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “పన్నెండేండ్లు,” అంది. “ఇదే పాకల నా పక్కన కూసొని పన్నెండేండ్లు. నేనొక్కదాన్నే మోస్తున్న అనుకున్న గదరా దొంగ ముసలోడా!” అది ఏడుపో నవ్వో ఆమెకే తెలియదు.

రామకృష్ణ బొగ్గుల గంప పక్కన చతికిలబడ్డాడు. ప్యాంటు మసి అవుతుందని కూడా చూసుకోలేదు.

“పంతులుకు కోడలు పేరు చెప్దాం నాయినా,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “సంఘపోళ్లు ఉంటే ఉంటరు, పోతే పోతరు.”

శ్యామల వచ్చి సంగీత భుజం పట్టుకుంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఇప్పుడు ఆమె మామ కాళ్ల మీద పడుతుందని, ఆయన లేవనెత్తుతాడని, ఈ రోజు ఇలా ముగుస్తుందని అందరి కళ్లల్లోనూ ఉంది. సంగీతకు సంతోషంగానే ఉంది. కాదనడం అబద్ధం. తను భార్య. ఎవరూ తీసెయ్యలేని భార్య. ఆ సంతోషం వెనకాలే ఇంకేదో వేడిగా పైకి తన్నుకొస్తోంది. ఆమె దాన్ని ఆపుకోలేదు.

“ఇన్నవా మామా?”

“ఇన్న బిడ్డా.”

ఆయన ఆమెను బిడ్డా అనడం అదే మొదలు.

“నీ కొడుకు నీ చెయ్యి పట్టుకున్నప్పుడు, నేను కొట్టలేరా గని ఇన్న, కాదనలే అని ఒక్క మాట అంటే ఏమైతుండె? ఆయనకు నిజం సంతోషమే దొరుకుతుండె కదా. నువ్వు ఆ మాట నీ దగ్గరనే అట్టిపెట్టుకున్నవ్. ఆయనకు అబద్ధమే ఇచ్చి పంపినవ్.”

దూలయ్య ఏడో గాటు మీద వేలు పెట్టి తడిమాడు.

రూప్‌సింగ్ గొడుగు ముడుచుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మోకాళ్ల దాకా వాగు నీళ్లతో తడిసి ఉన్నాడు. లోపలి ముఖాలు చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా, “పోదామా బేటీ?” అన్నాడు.

“జర ఆగు బావా,” అన్నాడు దూలయ్య. పన్నెండేళ్లలో ఆయన రూప్‌సింగ్‌ను వరస పెట్టి పిలవడం కూడా అదే మొదలు. తరువాత కోడలి వైపు తిరిగాడు. ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు.

“ఉంటవా బిడ్డా?”

ఇంతసేపూ ఆ పాకలో అందరూ ఆమె ఉండొచ్చా కూడదా అనే వాదించారు. ఉంటావా అని అడిగినవాళ్లు లేరు. పొద్దున ఎవరైనా అడిగి ఉంటే, మాట పూర్తి కాకముందే ఉంటానని అనేది. ఇప్పుడు ఆ మాట కోసం లోపల ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

“జర సోంచాయించుకోనియ్యి మామా, ఉండాల్నా పోవాల్నా అని,” అంది సంగీత.

ఎవరూ కాదనలేదు. రామకృష్ణ లేవలేదు, రూప్‌సింగ్ గొడుగు విప్పలేదు, వాగు అవతల ఆటో మరి రెండుసార్లు మోగి ఊరుకుంది. ఆ ఇంట్లో ఆమె మాట కోసం ఇంతమంది ఆగి కూర్చోవడం ఏ రోజూ జరగలేదు. ఏమనాలో మాత్రం ఆమెకు ఇంకా తెలియలేదు.